140 ట్రెండ్లు పోగేశాం, ఇక్కడి నుంచి నిర్ణయం దాకా ఎలా వెళ్లాలి?

తూర్పుగాలి:

అందరికీ నమస్కారం. రాబోయే పదేళ్లలో ప్రపంచ భద్రతా పరిస్థితులు ఎటు మారొచ్చు, దానివల్ల సముద్ర రవాణాకీ కీలక ముడిసరుకుల సరఫరాకీ ఎలాంటి చిక్కులు రావచ్చు అన్నదానిమీద వ్యూహాత్మక ముందుచూపు నివేదిక ఒకటి తయారు చేయాలి. ఐదుగురం ఉన్నాం. పన్నెండు వారాల గడువులో మూడు వారాలు అయిపోయాయి.

రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంకేతిక, పర్యావరణ, చట్టపరమైన అంశాలని ఆరు తలకట్లు పెట్టి 140 ట్రెండ్లు స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాం. ఒక్కోదానికీ ప్రభావం ఎంత, జరిగే అవకాశం ఎంత అని 1 నుంచి 5 దాకా మార్కులు వేశాం. తీరా చూస్తే సగానికి పైగా 4 దగ్గరే ఆగాయి. ఇందులోంచి ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో తేలడం లేదు.

రెండోది సినారియోల, అంటే భవిష్యత్తు ఎలా ఉండొచ్చో చెప్పే వేర్వేరు కథల సంగతి. నిలువు గీత మీద "అగ్రరాజ్యాల మధ్య ఉద్రిక్తత", అడ్డ గీత మీద "ప్రపంచ వాణిజ్యం ఎంత తెరిచి ఉంది" అని పెట్టి నాలుగు గళ్లు గీశాం. రెండు గళ్లకు కథ బాగానే వస్తోంది, మిగతా రెండింటికీ రాయడానికే ఏమీ తోచడం లేదు.

మూడోది, పైవాళ్లు "ఈ నాలుగింటిలో ఏది జరుగుతుంది, ఎన్ని శాతం?" అని అడుగుతున్నారు. చెప్పొచ్చా, చెప్పకూడదా? చివరగా, నివేదిక ఇచ్చేశాక దాన్ని బీరువాలో పెట్టేయకుండా పరిస్థితిని గమనిస్తూ ఉండటానికి ఏం ఏర్పాటు చేసుకోవాలి? ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే వీలు లేదు.


దిక్సూచి:

తూర్పుగాలి గారూ, మార్కులన్నీ 4 దగ్గర ఆగిపోయింది ట్రెండ్ల వల్ల కాదు, ప్రశ్న వల్ల. "ప్రపంచ భద్రత ఎటు మారొచ్చు" అని అడిగితే వాతావరణం దగ్గర్నుంచి డ్రోన్ల దాకా అన్నీ ముఖ్యమే అవుతాయి. అందుకని కాసేపు ఆ స్ప్రెడ్‌షీట్ మూసేసి ఒక్క వాక్యం రాయండి. ఎవరు, ఏ తేదీలోగా, ఏ నిర్ణయం తీసుకోవాలి, తీసుకున్నాక వెనక్కి మళ్లాలంటే ఎంత నష్టం అన్నది అందులో ఉండాలి. ఉదాహరణకి: "ఫలానా ముడిసరుకుకి వచ్చే ఏడాది జూన్‌లోగా రెండో సరఫరాదారుతో దీర్ఘకాల ఒప్పందం చేసుకోవాలా, ఆరు నెలల నిల్వ పెట్టుకోవాలా, ఉన్నదానితోనే నెట్టుకురావాలా". ఇలాంటివి మూడు నాలుగు రాసుకుని, 140లో ప్రతిదాన్నీ "ఇది మారితే ఈ నిర్ణయం మారుతుందా?" అని అడగండి. మారదు అని వస్తే, అది ఎంత పెద్ద ట్రెండయినా పక్కన పెట్టేయండి. ఈ ఒక్క జల్లెడతోనే జాబితా నలభైకి అటూ ఇటూగా దిగుతుంది.

మిగిలినవాటిని మూడు కుప్పలు చేయండి. పదేళ్ల పాటు పెద్దగా దిశ మారనివి మొదటి కుప్ప. జనాభా వయసు ఇందుకు మంచి ఉదాహరణ, పదేళ్ల తర్వాత ఇరవై ఏళ్ల వయసులో ఉండేవాళ్లంతా ఇప్పటికే పుట్టి ఉన్నారు. ఎటైనా తిరగగలిగేవి రెండో కుప్ప. ఉన్నట్టుండి ఊడిపడేవి, అంటే షాకులు, మూడో కుప్ప. మొదటి కుప్ప ప్రతి సినారియోలోనూ ఒకేలా ఉంటుంది. సినారియోల మధ్య తేడా తెచ్చేది రెండోదే. మూడోదాంతో సినారియోలు కట్టకండి, కట్టిన సినారియోల మీద దెబ్బ కొట్టి చూడటానికి వాడండి. ఈ మూడూ కలిపి ఒకే కాలమ్‌లో మార్కులు వేస్తే, మీకు వచ్చినట్టే అన్నీ 4 వస్తాయి.

ఇంకో మాట. "సైబర్ దాడులు" అని రాసి ఉంటే అది అంశం, ట్రెండ్ కాదు. ట్రెండ్ అంటే అది ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది, ఏం జరిగితే ఆగుతుంది అన్న మూడూ ఉండాలి. మూడోది రాయలేకపోతున్నారంటే ఆ ట్రెండ్ వెనకున్న కారణం మీకింకా పట్టుబడలేదన్నమాట.

బలహీన సంకేతాలకు, అంటే రాబోయే పెద్ద మార్పును ముందే పట్టిచ్చే చిన్న చిన్న గుర్తులకు, ఒక్కో కార్డు పెట్టుకోండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ చదివాం, ఇది నిజమైతే ఏం మారుతుంది, మన అంచనాల్లో దేన్ని ఇది కాదంటోంది. ఐదు వరసలు చాలు. వీటిలో చివరిదే అసలైన వరస. మన అంచనాను బలపరిచే వార్తలు రోజూ వంద దొరుకుతాయి, వాటిని పోగేస్తే స్కానింగ్ కాదు, వార్తల కత్తిరింపులు అవుతాయి.

నియాన్ వాయువు సంగతి చూడండి, మీ విషయానికి చాలా దగ్గర. చిప్‌ల మీద గీతలు గీసే డీప్ అల్ట్రావయొలెట్ లేజర్లలో వాడే వాయు మిశ్రమంలో 95 శాతానికి పైగా నియానే ఉంటుంది. గాలిలో నియాన్ పది లక్షల పాళ్లకు 18 పాళ్లు మాత్రమే. దానికోసమే గాలిని విడగొడితే గిట్టదు. ఉక్కు కర్మాగారాల్లో ఆక్సిజన్ కోసం పెట్టిన పెద్ద పెద్ద ప్లాంట్లలో ఉప ఉత్పత్తిగా వస్తుంది. సోవియట్ కాలంనాటి ఉక్కు కర్మాగారాలు ఉన్నచోట ముడి నియాన్ దొరికేది, దాన్ని శుద్ధి చేసే పెద్ద కంపెనీలు రెండూ ఉక్రెయిన్‌లోనే, ఒకటి మరియుపోల్‌లో, ఇంకోటి ఒడెసాలో. చిప్‌లకు పనికొచ్చే నియాన్‌లో ప్రపంచం మొత్తం మీద సగం దాకా ఆ రెండింటిదే. 2014లో క్రిమియా గొడవప్పుడు నియాన్ ధర ఆరు రెట్లు పెరిగింది. సంకేతం అదీ. అప్పుడే మేల్కొన్నవాళ్లు నిల్వలు పెంచుకున్నారు, యంత్రాల్లో వాయువు వాడకం తగ్గించుకున్నారు, వేరే చోట్ల సరఫరా వెతుక్కున్నారు. 2022 మార్చి కల్లా ఆ రెండు కంపెనీలూ పని ఆపేసినా, నియాన్ లేదని ప్రపంచంలో చిప్‌ల తయారీ ఆగిపోలేదు.

ఇక్కడ గమనించాల్సింది, 2014లో ఎవరూ "ఎనిమిదేళ్ల తర్వాత పెద్ద యుద్ధం వస్తుంది" అని జోస్యం చెప్పనక్కర్లేకపోయింది. "సగం సరుకు ఒకే గొంతుక గుండా వస్తోంది" అని తెలిస్తే చాలు. మీ జాబితాలో ఇలాంటి గొంతుకలు ఎన్ని ఉన్నాయో విడిగా ఒక షీట్ చేయండి: ఏ సరుకు, ఏ దశ (తవ్వకమా, శుద్ధా, రవాణానా), ఆ దశలో మొదటి స్థానంలో ఉన్నవాళ్ల వాటా ఎంత, ప్రత్యామ్నాయం నిలబడటానికి ఎన్ని నెలలు. చాలామంది తవ్వకం దగ్గరే ఆగిపోతారు. ఇరుకు ఎక్కువగా శుద్ధి దశలో ఉంటుంది.

మార్కులు వేసే పద్ధతి కూడా మార్చండి. ఐదుగురూ ఒకే గదిలో కూర్చుని వేస్తే మొదట మాట్లాడినవాళ్ల అంకె చుట్టూనే అందరి అంకెలూ తిరుగుతాయి. 1950లలో అమెరికాలోని రాండ్ పరిశోధనా సంస్థలో డెల్ఫీ పద్ధతి పుట్టింది ఈ చిక్కును తప్పించడానికే. ఎవరికి వారు విడిగా, పేరు లేకుండా అంకె వేసి, ఎందుకో రెండు వాక్యాలు రాయాలి. వాటిని అందరికీ పంచి రెండో విడత వేయించాలి. తర్వాత సగటు చూడకండి, అంకెల మధ్య దూరం చూడండి. ఒకరు 1, ఇంకొకరు 5 వేసిన అంశం గురించే గంట మాట్లాడుకోవాలి. అందరూ 4 వేసినదాని మీద అయిదు నిమిషాలు కూడా దండగే.


మూడోగట్టు:

దిక్సూచి గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూ, గళ్ల గురించి మాత్రం చెప్తాను.

మీ రెండు గీతలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఉద్రిక్తత పెరిగితే వాణిజ్యం మూసుకుంటుంది, తగ్గితే తెరుచుకుంటుంది. అంటే మీరు గీసింది రెండు గీతలు కాదు, ఒకే గీతను రెండుసార్లు. అందుకే ఎదురెదురు మూలల్లో రెండు గళ్లు నిండి, మిగతా రెండూ బోసిగా ఉన్నాయి. గీతలు ఎంచుకునే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: "ఒకటి పైకి పోతూ రెండోది కిందికి పోయే ప్రపంచాన్ని మూడు వాక్యాల్లో నమ్మేలా రాయగలనా?" రాయలేకపోతే ఆ జంట పనికిరాదు. ఇంకో పొరపాటు, పైన కుడివైపు గడి స్వర్గంలాగా, కింద ఎడమవైపు గడి నరకంలాగా తయారవడం. అలా ఉంటే చదివేవాళ్లు మంచిదాన్ని కోరుకుని, చెడ్డదాన్ని చూసి తల అడ్డంగా ఊపి, మధ్యలో ఏదో ఒకటి జరుగుతుందిలే అనుకుంటారు. ప్రతి గడిలోనూ ఎవరో ఒకరు లాభపడాలి, ఎవరో ఒకరు నష్టపోవాలి.

మీలాంటి విషయానికి నాలుగు గళ్ల కన్నా అంశాల పట్టిక మేలు, ఫ్రిట్జ్ జ్విక్కీ పేరుతో వచ్చిన మార్ఫాలజికల్ పద్ధతి అది. ఐదు అనిశ్చితులు తీసుకోండి. మీ విషయంలో ఇవి కావచ్చు: సముద్ర మార్గాల రక్షణ బాధ్యత ఎవరిది, ఎగుమతి ఆంక్షల విస్తృతి, కీలక ఖనిజాల శుద్ధి ఎక్కడ జరుగుతోంది, కేబుళ్లూ ఉపగ్రహాల మీద దాడులను ప్రపంచం ఎలా తీసుకుంటోంది, వాతావరణ దెబ్బల వల్ల ఆహార ఎగుమతుల స్థితి. ఒక్కోదానికి మూడు స్థితులు రాయండి. మొత్తం 243 కలయికలు వస్తాయి, కంగారు పడకండి. అంశాలను జంటలుగా చూస్తే పది జంటలు, ఒక్కో జంటకు తొమ్మిది గళ్లు, అంటే 90 గళ్లు. ప్రతి గడిలో "ఈ రెండు స్థితులూ కలిసి ఉండగలవా" అన్నదానికి అవును, కాదు, కష్టం అని రాయాలి. ఐదుగురికి ఒక పూట పని. ఒక్క "కాదు" పడితే దాంతో పాటు 27 కలయికలు కొట్టుకుపోతాయి, కాబట్టి జాబితా గబగబా తగ్గుతుంది. మిగిలినవాటిలోంచి ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉన్న నాలుగు తీసుకోండి. మూడు తీసుకుంటే అందరి చూపూ మధ్యదాని మీదకే పోతుంది. ఆరు తీసుకుంటే ఎవరికీ గుర్తుండవు.

నాలుగూ ఒకే రంగులో కనిపిస్తుంటే భవిష్యత్ అధ్యయనాల పండితుడు జిమ్ డేటర్ చెప్పిన నాలుగు మూసలతో సరిచూసుకోండి: ఉన్నదే కొనసాగడం, కుప్పకూలడం, కట్టుబాట్లలో బతకడం, పూర్తిగా రూపం మారడం. భద్రతారంగంలో పనిచేసేవాళ్లు రాసినవాటిలో కుప్పకూలేవే మూడుంటాయి, రూపం మారేది ఒక్కటీ ఉండదు.

సినారియో రాసేటప్పుడు చివరి చిత్రం నుంచి వెనక్కి నడవండి. పదో ఏట ఇలా ఉండాలంటే ఏడో ఏట ఏం జరిగి ఉండాలి, నాలుగో ఏట ఏం జరిగి ఉండాలి అని. గొలుసులో ప్రతి కొక్కేనికీ కారణం కనిపించాలి. 2010 వేసవిలో రష్యాలో తీవ్రమైన ఎండలు, కరవు, కార్చిచ్చులు. ఆగస్టులో గోధుమ ఎగుమతుల మీద నిషేధం. ధరలు ఎగబాకాయి. 2011 మొదట్లో ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార ధరల సూచీ అప్పటికి రికార్డు స్థాయికి చేరింది. గోధుమ దిగుమతుల మీద బతికే ఈజిప్టు లాంటి దేశాల్లో అప్పటికే ఉన్న అసంతృప్తికి ఇది తోడైంది. అరబ్ తిరుగుబాట్లకు గోధుమలే కారణం అనడం తప్పు, కానీ ఎండల వార్తను "పర్యావరణం" అనే తలకట్టు కింద, పాలన పతనాన్ని "రాజకీయం" అనే తలకట్టు కింద విడివిడిగా పెట్టుకున్నవాళ్లకు ఈ గొలుసు కనపడదు. మీ ఆరు తలకట్లు వెతకడానికి పనికొస్తాయి. ఆలోచించేటప్పుడు వాటిని చెరిపేయాల్సిందే.

ఒకే ముప్పు రూపానికి అతుక్కుపోవడం ఇంకో ప్రమాదం. 2019 అక్టోబరులో వచ్చిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో అమెరికాది మొదటి స్థానం, బ్రిటన్‌ది రెండోది. బ్రిటన్ 2016లో సిగ్నస్ పేరుతో మహమ్మారి కసరత్తు కూడా చేసింది, కానీ అది ఇన్‌ఫ్లుయెంజా మీద. అక్కడి కోవిడ్ విచారణ సంఘం 2024 జూలైలో ఇచ్చిన మొదటి నివేదికలో తేల్చింది కూడా అదే, దేశం వేరే మహమ్మారికి సిద్ధమై కూర్చుందని. ముందుచూపు లేక కాదు, ఉన్న చూపంతా ఒకే రకం వైరస్ మీద ఉండిపోవడం వల్ల. అందుకే ప్రతి సినారియోలో "ముప్పు పేరు" తీసేసి "ముప్పు ఏం చేస్తుంది" అని రాయండి. "ఫలానా జలసంధిలో యుద్ధం" అనకుండా "ఫలానా మార్గంలో 90 రోజుల పాటు ఓడలకు బీమా దొరకదు" అని రాస్తే, కారణం యుద్ధమైనా, దాడులైనా, ప్రమాదమైనా మీ సన్నాహం పనికొస్తుంది.

ఆఖరి మెట్టు ఎవరూ ఎగ్గొట్టకూడనిది. నిలువు వరసల్లో నాలుగు సినారియోలు, అడ్డ వరసల్లో మీ నిర్ణయాల ప్రత్యామ్నాయాలు పెట్టి, ప్రతి గడిలో ఆ ప్రత్యామ్నాయం అక్కడ నిలబడుతుందా, కుంటుతుందా, కూలుతుందా రాయండి. నాలుగింటిలోనూ నిలబడేది ఉంటే వెంటనే మొదలుపెట్టమని చెప్పొచ్చు. రెండింటిలోనే నిలబడేదాన్ని చిన్నగా మొదలుపెట్టి, పెంచే హక్కు చేతిలో ఉంచుకోవాలి. ఒకదానిలో అద్భుతంగా ఉండి మూడింటిలో కూలేది పందెం, దాన్ని పందెం అనే పేరుతోనే పైవాళ్ల ముందు పెట్టండి.


తేటనీరు:

శాతాల ప్రశ్నకి జవాబు: సినారియోలకు శాతాలు వేయకండి, కానీ శాతాలు అడిగినందుకు పైవాళ్లను తప్పుపట్టకండి. వాళ్లు అడిగేది న్యాయమే, మీరు ఇవ్వాల్సిన చోటు వేరు.

సినారియో అంటే షరతుల గొలుసు. ఐదు షరతులున్నాయి, ఒక్కోటీ 80 శాతం ఖాయమనుకున్నా ఐదూ కలిసి జరిగే అవకాశం 33 శాతమే. కానీ కథ వివరంగా ఉన్నకొద్దీ చదివేవాడికి నమ్మకం పెరుగుతుంది. 1982లో భవిష్యత్ అంచనాల నిపుణుల సదస్సులోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్స్కీ, కానమన్ దీన్ని పరీక్షించారు. ఒక గుంపును అమెరికా, సోవియట్ యూనియన్ దౌత్య సంబంధాలు పూర్తిగా తెగిపోయే అవకాశం ఎంతని అడిగారు. ఇంకో గుంపును పోలండ్ మీద సోవియట్ దండయాత్ర జరిగి, ఆపై సంబంధాలు తెగిపోయే అవకాశం ఎంతని అడిగారు. రెండోది మొదటిదాంట్లో ఒక భాగం మాత్రమే, అయినా నిపుణులు రెండోదానికే ఎక్కువ అంకె ఇచ్చారు. మీ నాలుగు కథలకు శాతాలు వేస్తే కొలిచేది అవకాశాన్ని కాదు, ఎవరు బాగా రాశారన్నదాన్ని.

శాతాలు వేయాల్సింది గడువు ఉన్న చిన్న ప్రశ్నలకి. "ఫలానా ఖనిజం మీద ఎగుమతి అనుమతుల నిబంధన డిసెంబరు 31లోగా అధికారికంగా ప్రకటిస్తారా?" ఆ రోజు వచ్చాక అవునో కాదో వాదన లేకుండా తేలాలి. ఇలాంటివి ఒక్కో సినారియోకి నాలుగైదు రాసుకుని మూడు నెలలకోసారి అంకెలు వేయండి. తర్వాత బ్రయర్ స్కోరు లెక్కకట్టండి, అది ఎంత తక్కువైతే అంచనా అంత మంచిది. చెప్పిన అవకాశం నుంచి జరిగినదాన్ని (జరిగితే 1, జరక్కపోతే 0) తీసేసి వర్గం చేయడమే. 0.8 అన్నారు, జరిగింది: 0.04. 0.8 అన్నారు, జరగలేదు: 0.64. ఏమీ ఆలోచించకుండా ప్రతిదానికీ 0.5 వేస్తే 0.25 వస్తుంది, కాబట్టి మీ సగటు 0.25 దాటితే మీ కసరత్తు ఏమీ తెలియనివాడి కన్నా కింద ఉన్నట్టు. 2011లో మొదలైన అమెరికా గూఢచార పరిశోధనా సంస్థ పోటీల్లో పరిశోధకుడు ఫిలిప్ టెట్‌లాక్ బృందం గెలవడంలో ఇలా అంకెలు వేసి, కొలిచి, దిద్దుకునే అలవాటుకి పాత్ర ఉంది. పదేళ్ల దూరానికి ఆ పద్ధతి పనిచేయదు, ఏడాది లోపు ప్రశ్నలకి పనిచేస్తుంది. అందుకే సినారియో పదేళ్లకు, అంకె ఏడాదికి.

మాటల్లో చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త. 1951లో యుగోస్లావియా మీద దాడికి "తీవ్రమైన అవకాశం" ఉందని అమెరికా గూఢచార అంచనా రాసింది. దాని అర్థం ఎంత అని ఆ అంచనాల విభాగంలో పనిచేసిన షెర్మన్ కెంట్ తన బృందాన్నే అడిగితే 20 నుంచి 80 శాతం దాకా రకరకాల జవాబులు వచ్చాయి. అందరూ కలిసి సంతకం పెట్టిన వాక్యం అది! ఇప్పుడు అక్కడి విశ్లేషణ ప్రమాణాల్లో ఒక్కో మాటకీ హద్దు ఉంది: "జరిగే అవకాశం ఎక్కువ" అంటే 55 నుంచి 80 శాతం, "చాలావరకు జరుగుతుంది" అంటే 80 నుంచి 95. మీ నివేదిక మొదటి పేజీలోనే ఇలాంటి పట్టిక పెట్టి, ఆ తర్వాత ఆ మాటలు తప్ప వేరేవి వాడకండి. తెలుగులో "కావచ్చు", "అయ్యే సూచనలున్నాయి", "కొట్టిపారేయలేం" అని మనకు అలవాటైన మాటలు మరీ జారుడుగా ఉంటాయి.

ఇక సూచికలు, అంటే ఏ సినారియో వైపు పోతున్నామో ముందే చెప్పే గుర్తులు. మంచి సూచికను వెతికేటప్పుడు "ఇది ఈ సినారియోకి సరిపోతుందా" అని అడిగితే తప్పుదారి పట్టినట్టే. "వేరే సినారియోలో ఇది కనపడే అవకాశం తక్కువా?" అని అడగాలి. అమెరికా గూఢచార విశ్లేషకుడు రిచర్డ్స్ హ్యూయర్ చెప్పిన పోటీ పరికల్పనల పద్ధతిలో (ఒకే సాక్ష్యాన్ని వేర్వేరు వివరణలతో పోల్చి చూసే పద్ధతి) గుండెకాయ లాంటి ప్రశ్న ఇది. సరిహద్దులో ట్యాంకులు బారులు తీరాయంటే అది విన్యాసాలకీ సరిపోతుంది, బెదిరింపుకీ సరిపోతుంది, దాడికీ సరిపోతుంది. 2022 జనవరి చివర్లో రష్యా సరిహద్దు దగ్గరికి రక్తం నిల్వలు కూడా తరలించిందని అమెరికా అధికారులు చెప్పినట్టు వార్తలొచ్చాయి. ఎర్రకణాలు చల్లగా దాచినా 42 రోజుల దాకానే నిలవుంటాయి. బెదిరించడానికి ట్యాంకులు చాలు, పాడైపోయే రక్తాన్ని మోసుకెళ్లనక్కర్లేదు. వేరు చేసి చూపే శక్తి ఉన్న సంకేతం అంటే అదీ. ఉక్రెయిన్ అధికారులు అప్పట్లో ఆ వార్తను కొట్టిపారేశారు కూడా. కాబట్టి సంకేతం బలం ఒక కాలమ్‌లో, వచ్చిన మూలం నమ్మదగినదా అన్నది ఇంకో కాలమ్‌లో విడివిడిగా రాసుకోవాలి, రెండూ కలిపేస్తే రెండూ పాడవుతాయి.

మామూలుగా ఎంత జరుగుతుందో తెలియకుండా హెచ్చరిక గీత గీయొద్దు. సముద్రగర్భ కేబుళ్లు ప్రపంచవ్యాప్తంగా ఏటా 150 నుంచి 200 సార్లు దెబ్బతింటాయి, ఎక్కువ భాగం చేపల వలలు, లంగర్ల వల్ల. "కేబుల్ తెగింది" అన్న వార్తను విద్రోహ సూచికగా పెట్టుకుంటే వారానికి మూడుసార్లు గంట మోగుతుంది, నెలకి ఎవరూ పట్టించుకోరు. "ఒకే సముద్రంలో ముప్పై రోజుల్లో రెండు, అదీ లంగరు ఈడ్చిన గుర్తులతో, రెండు చోట్లా ఒకే తరహా ఓడ" అని పెడితే అప్పుడు అర్థం ఉంటుంది.

గీత ఎక్కడ గీయాలన్నది ముప్పును బట్టి కాదు, మీకు పట్టే సమయాన్ని బట్టి. గాలియం, జర్మేనియం ఎగుమతులకు అనుమతి తప్పనిసరి అని చైనా 2023 జూలై మొదటి వారంలో ప్రకటించింది, ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నెల కూడా లేదు. ఎర్రసముద్రంలో 2023 నవంబరు 19న ఒక ఓడను యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు పట్టుకున్నారు, డిసెంబరు మధ్యకల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఆ దారి మానేసి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. అక్కడా నెల రోజులే. కొత్త సరఫరాదారును పరీక్షించి ఒప్పుకోవడానికి మీకు తొమ్మిది నెలలు పడుతుందనుకుందాం. "నిషేధం ప్రకటించారు" అన్నది మీకు సూచిక కాదు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మీ సూచిక దానికి కనీసం తొమ్మిది నెలల ముందు కనపడేదై ఉండాలి: నిబంధన ముసాయిదాలు, ఎగుమతి పత్రాల్లో కొత్తగా అడుగుతున్న వివరాలు, పొరుగు ఖనిజాల మీద వచ్చిన ఆంక్షలు. అంత ముందుగా కనపడేది ఏదీ దొరక్కపోతే, గమనించి స్పందించే దారి మీకు మూసుకుపోయినట్టే. ముందే నిల్వ పెట్టుకోవడం తప్ప మార్గం లేదని నివేదికలో నేరుగా రాయండి.


తూర్పుగాలి:

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. మొత్తం మీద ఎన్ని సూచికలు పెట్టుకోవాలి? అవతలివాళ్లకు మనం గమనిస్తున్నామని తెలిసి, కావాలనే వేరే దారిలో వస్తే?


మూడోగట్టు:

సినారియోకి మూడు, మొత్తం పన్నెండు దాటొద్దు. ప్రతిదానికీ ఒక మనిషి పేరు, చూడాల్సిన తేదీ, గీత దాటితే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో ఏ పని మొదలవ్వాలి అని రాసి ఉండాలి. పని రాయలేని సూచికను కొట్టేయండి.

రెండో ప్రశ్న చాలా సరైన చోట తగిలింది. 1973లో ఇజ్రాయెల్ సైనిక గూఢచార విభాగం ఒక అంచనా పట్టుకుని కూర్చుంది: లోతుగా దాడి చేయగల విమానాలు, క్షిపణులు చేతికొచ్చేదాకా ఈజిప్టు యుద్ధానికి దిగదు, ఈజిప్టు దిగకుండా సిరియా దిగదు. దాంతో వాళ్లు చూసింది ఆ ఆయుధాలు వచ్చాయా లేదా అన్నదే. ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ ఆ ఆయుధాల కోసం ఆగడం మానేసి, విమానాలను కూల్చే క్షిపణుల గొడుగు కింద సూయజ్ కాలువ దాటే చిన్న యుద్ధానికి పథకం మార్చుకున్నారు. సూచిక కదల్లేదు, అక్టోబరు 6న యుద్ధం వచ్చింది. అంచనాను నిజమని చూపే సూచికలు ఎన్ని ఉన్నా చాలవు, "మా అంచనా తప్పు" అని చెప్పే సూచిక ఒక్కటైనా విడిగా ఉండాలి. పన్నెండులో నాలుగు ఇలాంటివాటికి కేటాయించండి. వాటిని చూసే మనిషి అంచనా రాసిన మనిషి కాకూడదు.


తేటనీరు:

పన్నెండు అనే అంకెతో నాకు పేచీ ఉంది. ఐదుగురు, అదీ వేరే పనులు చేసుకుంటూ నడిపే బృందానికి పన్నెండే ఎక్కువ. ఎనిమిదితో మొదలుపెట్టి, రెండు త్రైమాసికాలు తప్పకుండా చూడగలిగితే అప్పుడు పెంచుకోండి. అందులో సగం మూడోగట్టు గారు చెప్పిన "తప్పు" సూచికలు ఉంటే మరీ మంచిది.

ఇంకోటి, 1973లోనే వసంతకాలంలో ఇజ్రాయెల్ ఒకసారి అప్రమత్తమై బలగాలను సమీకరించింది, యుద్ధం రాలేదు. ఆ ఖర్చు అక్టోబరులో మళ్లీ గంట కొట్టడానికి చేతులను వెనక్కి లాగింది. కాబట్టి గీత దాటినప్పుడు చేయాల్సిన పని మెట్లుగా ఉండాలి. మొదటి మెట్టు ఖర్చు లేనిది: వారానికోసారి చూసేది రోజూ చూడటం, సరఫరాదారుకు ఒక ఫోన్. రెండోది వెనక్కి తీసుకోగలిగినది: ఓడలో చోటు ముందే పట్టి ఉంచడం. మూడోదే నిజంగా డబ్బు పోసేది. మెట్లు లేకపోతే రెండు తప్పుడు హెచ్చరికల తర్వాత మూడో నిజాన్ని ఎవరూ నమ్మరు.


దిక్సూచి:

మిగిలిన తొమ్మిది వారాలకు లెక్క ఇలా ఉండొచ్చు. నాలుగో వారం నిర్ణయాల వాక్యాలు రాసి, వాటి మీద పైవాళ్ల సంతకం తీసుకోండి, ఇది లేకుండా ముందుకు పోవద్దు. ఐదు, ఆరు వారాల్లో జాబితా జల్లెడ, డెల్ఫీ రెండు విడతలు, గొంతుకల షీట్. ఏడో వారం అంశాల పట్టిక. ఎనిమిది, తొమ్మిదిలో నాలుగు సినారియోలు, ఒక్కోటీ రెండు పేజీలు దాటకుండా. పదో వారం నిర్ణయాలను సినారియోల మీద నడిపించి చూడటం, దీనికి ఆ నిర్ణయాలు తీసుకునేవాళ్లే రావాలి, వాళ్ల సహాయకులు కాదు. అదే రోజు మధ్యాహ్నం మూడో కుప్పలోని షాకులు రెండు తీసి వాటి మీద వేయండి. పదకొండో వారం సూచికలు, మెట్లు. పన్నెండో వారం రాతకోతలు.

మీకు జారిపోయే ప్రమాదం ఉన్నది పదో వారమే. సినారియోలు రాయడం సరదాగా ఉంటుంది కాబట్టి తొమ్మిదో వారం పని పదకొండులోకి పాకుతుంది, పరీక్ష ఎగిరిపోతుంది. ఆ సమావేశం తేదీని ఇవాళే అందరి క్యాలెండర్లో పెట్టేయండి, సినారియోలు సగం సగం ఉన్నా ఆ రోజు మార్చకండి.

నివేదిక వెనక ఒక పేజీ అంచనాలకు కేటాయించండి. మొత్తం కసరత్తు ఏ ఏడెనిమిది అంచనాల మీద నిలబడి ఉందో, ఒక్కోటి కూలితే ఏ సినారియో పోతుందో, ఏ నిర్ణయం మారుతుందో ఒక్కో వరసలో. ఆరు నెలల తర్వాత మొత్తం నివేదికను ఎవరూ తిరగేయరు, ఆ ఒక్క పేజీని అరగంటలో దిద్దొచ్చు. ఆ అరగంట సమావేశానికి కూడా తేదీ, పిలవాల్సిన పేర్లు ఆ పేజీ అడుగునే రాయండి.